కుడికాలు అడిగిన గురువు

మన వాఙ్మయంలో గురువులకు కొరత లేదు. వసిష్ఠుడు, విశ్వామిత్రుడు, సాందీపని, పరశురాముడు, కృపుడు, ఇలా ఒక్కొక్కరి చుట్టూ ఒక్కొక్క కథ అల్లుకొని ఉన్నది. అయినా శరీరంతో నేర్వవలసిన విద్యను, అంటే చేయి, కాలు, చూపు ఒక్కటిగా కలిసి పనిచేయవలసిన విద్యను నేర్పిన గురువు ఎవరని అడిగితే మనకు మొట్టమొదట స్ఫురించేది ద్రోణుడే. భారత ప్రభుత్వం క్రీడాశిక్షకుల కోసం 1985లో పురస్కారాన్ని నెలకొల్పినప్పుడు దానికి ఆయన పేరే పెట్టింది.

ఆ పేరులో ఒక ముల్లు ఉన్నది. అది ఏకలవ్యుని బొటనవ్రేలు. పూతలపట్టు చుట్టుప్రక్కల బడులలో ముప్పై ఏండ్లకు పైగా తెలుగు చెప్పినవాడిని గనుక ఆ కథను ఎన్నిమార్లు పాఠంగా చెప్పానో లెక్కలేదు. దాదాపు ప్రతి ఏడూ ఎవడో ఒక పిల్లవాడు లేచి, "అయ్యవారూ, గురువంటే నేర్పించాల గదా, ఆయన వేలెందుకు అడిగినాడు?" అనేవాడు. వ్యాఖ్యాతలు చెప్పిన సమాధానాలన్నీ చెప్పేవాణ్ణి. వాడు కూర్చునేవాడే గాని, వాడి ముఖంలో ప్రశ్న మాత్రం కూర్చునేది కాదు.

ఈ నేలమీదనే, మన కాలానికి చాలా దగ్గరగా, శిష్యులను కుడికాలు అడిగిన గురువొకరు ఉండేవారు. అయితే ఆయన దానిని కోసి తీసుకోలేదు. కొంతసేపు దానికి పని చెప్పవద్దన్నారు, అంతే. ఆ కొద్దిసేపటిలో ఎడమకాలికి చదువు వచ్చింది. ఆ గురువు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు వాసులు ఆయనను రహీం సాహెబు అనేవారు. 1950 నుండి 1962 వరకు మన దేశపు ఫుట్‌బాల్ సాధించిన పెద్ద విజయాల వెనుక ఉన్న శిక్షకుడు ఆయనే.

2024లో హిందీలో 'మైదాన్' అనే చలనచిత్రం వచ్చిన తరువాత ఆ పేరు కొంతమందికి తెలిసింది. సంతోషమే. కాని తెరమీద చూచినవారికి గుర్తుండేది మైదానపు అంచున నిలబడిన శిక్షకుడు. నాకు ఆయనలో కనబడే మనిషి వేరు. ఆయన బడిపంతులు. ఆయన శిక్షణలోని మెళకువలన్నీ బడిపంతులు మెళకువలే అని నా నమ్మకం. ఫుట్‌బాల్‌తో పెద్దగా పరిచయం లేని చిత్తూరు జిల్లా తెలుగు పండితుడు ఈ విషయం మీద కలం పట్టడానికి కారణం అదే.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు, ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడారు. పట్టభద్రులైన తరువాత ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవి ఆయన పనిచేసిన బడులు. మధ్యలో వ్యాయామవిద్యలో పట్టం పుచ్చుకొని పిల్లల ఆటల బాధ్యత తీసుకున్నారు. 1940ల ఆరంభంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయి, కన్నుమూసే వరకు ఆ పదవిలో ఉన్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులయ్యారు.

మూడు పనులు, ఒక్క మనిషి. ఉదయం నుండి బడిలో పిల్లలు, సాయంకాలం మైదానంలో పోలీసు జట్టు, ఆ పైన ఊరి పోటీల నిర్వహణ. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. దీనితో తరువాత పని ఉన్నది.

ఆ పోలీసు జట్టు ఏమి చేసిందో రెండు మాటలలో చెబుతాను. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పు ఆనాడు దేశంలోని అతిపెద్ద పోటీలలో ఒకటి. దానిని 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు హైదరాబాదు పోలీసులే గెలుచుకున్నారు. 1950లో డ్యూరాండ్ కప్పు అంతిమ పోటీలో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించారు. రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ 1956–57లోను, 1957–58లోను హైదరాబాదుకే దక్కింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అనుకునే రోజులవి. ఆ నగరపు పెద్దపెద్ద క్లబ్బుల ముందు కానిస్టేబుళ్ళతో నిండిన ఒక జట్టు నిలబడి గెలవడం సామాన్యం కాదు.

ఎట్లా గెలిచారు? ఇక్కడే బడిపంతులు కనబడతారు.

అప్పటి మన ఆటగాళ్ళకు బంతిని కాళ్ళ మధ్యనే పెట్టుకొని, ఎదుటివారిని ఒక్కొక్కరినే తప్పించుకుంటూ పోవడం మీద మోజు ఎక్కువ. దానినే డ్రిబ్లింగు అంటారు. చూడడానికి సొంపుగానే ఉంటుంది, జనం చప్పట్లు కొడతారు. కాని తక్కిన పదిమంది ఊరక నిలబడి చూస్తుంటారు. "అట్లా ఆడకండి" అని ఉపన్యాసం ఇస్తే ఎవరు వింటారు? రహీం డ్రిబ్లింగు నిషేధించిన పోటీలు పెట్టారు. బంతి కాలికి తగిలిందా, వెంటనే తోటివానికి అందించవలసిందే. అట్లాగే బలహీనపు కాలి పోటీలు పెట్టారు. కుడికాలి వాటం వాడు ఎడమకాలితోనే, ఎడమకాలి వాటం వాడు కుడికాలితోనే ఆడాలి. ఎత్తుకు పరిమితి విధించి పొట్టివాళ్ళకు వేరుగా, వయస్సుకు పరిమితి విధించి చిన్నవాళ్ళకు వేరుగా పోటీలు జరిపించారు. బలిసినవాడు నెట్టివేస్తే మూలన పడిపోయే పిల్లవాడికి కూడ బంతి అందాలన్నది అందులోని ఉద్దేశం.

ఈ పోటీల సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు అవధానం గుర్తుకు వచ్చింది. అష్టావధానంలో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉన్నది. అవధాని ఒక్కొక్క అక్షరం చెప్పబోతుంటే, తరువాత ఏ అక్షరం పడుతుందో ఊహించి పృచ్ఛకుడు దానిని నిషేధిస్తాడు. నోటికి వచ్చిన మాట చెప్పరాదు. అలవాటయిన దారి మూసుకుపోతుంది. అప్పుడు అవధాని తన నిఘంటువులోని మూలమూలలు వెదకి, తనకే తెలియకుండా దాగిన మాటను పైకి తెస్తాడు. పెదవులు తగలకుండా పలికే నిరోష్ఠ్య కావ్యాలు వ్రాసిన కవులు మనకు ఉన్నారు. అదీ అటువంటి సాధనే. నిషేధం వల్ల విద్య తరగదు, అది కొత్త దారి వెదకుకుంటుంది. మన పండితులు పద్యంలో కనుగొన్న రహస్యాన్ని రహీం సాహెబు బంతి ఆటలో కనుగొన్నారు.

ద్రోణుడు అడిగిన వ్రేలు మళ్ళీ రాలేదు. రహీం అడిగిన కుడికాలు ఆట ముగియగానే తిరిగి వచ్చింది, వెంట ఎడమకాలిని తోడు తెచ్చింది.

ఇక దేశపు జట్టు సంగతి. 1951లో ఢిల్లీలో మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగాయి. అంతిమ పోటీలో మేవాలాల్ కొట్టిన ఒక్క గోలుతో ఇరాన్‌ను గెలిచి మనవారు స్వర్ణం తెచ్చారు. శిక్షకుడు రహీం. మరుసటి ఏడు, 1952లో, హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడ యుగొస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడిపోయాము. మన ఆటగాళ్ళలో పలువురు ఉత్త పాదాలతో ఆడారు. బూట్లు తొడుక్కుంటే బంతి స్పర్శ తెలియదని వారి వాదం. ఆ ఓటమి తరువాతనే బూట్లు తప్పనిసరి చేస్తూ అఖిల భారత సంఘం నియమం పెట్టింది.

పరీక్ష తప్పిన తరగతిని ఉపాధ్యాయుడు ఏమి చేస్తాడన్నది అతని అసలు పరీక్ష. నాలుగేండ్ల తరువాత, 1956 చివరలో, మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్ జరిగాయి. ఆ సంవత్సరం నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, మా చిత్తూరు, హైదరాబాదు మొదటిసారి ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. సరిగ్గా నెలనాటికి, డిసెంబరు 1న, రహీం శిష్యులు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4–2 తేడాతో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోలులు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనదే. కొన్ని జట్లు ఆ ఏడు రాలేదన్నది నిజమే. అయితే సెమీఫైనల్లో ఎదురయినది మళ్ళీ యుగొస్లావియా. మొదటి గోలు మనదే. చివరకు 4–1తో ఓడిపోయాము, కాంస్యం కోసం జరిగిన ఆటలో బల్గేరియా చేతిలో 3–0తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచాము. 10–1 నుండి 4–1కి, అదీ కొంతసేపు ముందంజలో ఉండి. మార్కుల జాబితా చూడడం వచ్చినవారికి ఆ తేడా విలువ తెలుస్తుంది.

ఆ జట్టులో హైదరాబాదు పిల్లలు పలువురు ఉన్నారు. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం. బలరాం సికిందరాబాదు దగ్గరి అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టినవాడు. నలుగురు రక్షకులు, ఇద్దరు నడిమివారు, నలుగురు దాడి చేసేవారు ఉండే 4–2–4 వ్యూహంతో 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచింది. దాని పోలికలు అంతకు ముందే రహీం తీర్చిన జట్లలో ఉండేవని ఆయన శిష్యులు చెబుతూ వచ్చారు.

1960లో రోమ్ ఒలింపిక్స్. హంగరీతో 2–1, పెరూతో 3–1 తేడాతో ఓడిపోయినా, ఫ్రాన్స్‌తో 1–1గా సమం చేశారు. ఆ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడ ఉన్నాడు. ఒక్క ఆటలోనూ అతడు మైదానంలోకి దిగలేదు. తన బిడ్డ తన తరగతిలోనే కూర్చుంటే పంతులు ఎంత జాగ్రత్తగా ఉండాలో మా వృత్తివారికి వేరుగా చెప్పనక్కరలేదు.

1962 నాటికి రహీం శరీరంలో క్యాన్సరు ప్రవేశించింది. ఆ స్థితిలోనే జట్టును జకార్తా ఆసియా క్రీడలకు తీసుకువెళ్ళారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2–0తో ఓటమి. తరువాత థాయిలాండును 4–1తో, జపానును 2–0తో గెలిచారు. థాయిలాండు ఆటలో రక్షకుడు జర్నయిల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతనిని ఇంటికి పంపలేదు, పాత స్థానంలోనూ నిలబెట్టలేదు. దాడిచేసే వరుసలో ముందు నిలిపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంను 3–2తో గెలిచిన ఆటలో అతడు గోలు కొట్టాడు.

ఇక అంతిమ పోటీ, సెప్టెంబరు 4న, మళ్ళీ దక్షిణ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానీయకపోవడాన్ని మన దేశపు ఒలింపిక్ పెద్ద జి.డి. సోంధీ తప్పుపట్టినందుకు ఇండొనేషియాలో మనమీద ఆగ్రహం పెల్లుబికింది. జకార్తాలోని మన రాయబార కార్యాలయం మీద గుంపు దాడి చేసింది. మైదానంలో దాదాపు లక్షమంది జనం మన జట్టుకు ఎదురుగా అరుస్తున్నారు. అటువంటి చోట రహీం, ఫ్లూ నుండి కోలుకున్న పొడగరి పీటర్ తంగరాజ్‌ను గోలు దగ్గర నిలిపారు, కుట్లున్న తలతో జర్నయిల్‌ను మళ్ళీ ముందు నిలిపారు. మొదటి ఇరవై నిమిషాలలోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నయిల్ ఒకటి కొట్టారు. 2–1తో స్వర్ణం మనది. చేతిలో ఉన్న పిల్లలలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియడమే ఉపాధ్యాయ విద్యలో సగం. ఆ సగానికి జకార్తా ఒక నిదర్శనం.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం కన్నుమూశారు. నిండా 54 ఏండ్లు లేవు.

ఆ తరువాత? 1964 ఆసియా కప్పులో మనవారు రెండవ స్థానం పొందారు. సంతోష్ ట్రోఫీని 1965–66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఉమ్మడి రాష్ట్రం పేరుతో ఆ ట్రోఫీ రావడం అదే మొదలు, అదే తుద. 1970లో బ్యాంకాక్‌లో కాంస్యం వచ్చింది. అటుపైన 2023లో హాంగ్‌ఝౌ వరకు జరిగిన ఏ ఆసియా క్రీడలలోనూ మన పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు పతకం లేదు.

ఒక గురువు పోతే విద్య ఎందుకు ఆగిపోవాలి? ఈ ప్రశ్నకు జవాబు కోసం దూరంగా ఉన్న ఒక మంచుదేశం వైపు చూద్దాము.

రష్యాలో మంచు గచ్చుమీద స్త్రీపురుషులు జంటగా చేసే స్కేటింగు విద్య ఒకటి ఉన్నది. లెనిన్‌గ్రాడులో ఇగోర్ మోస్క్విన్ అనే శిక్షకుడు ఉండేవాడు. ఆయన శిష్యురాలు, తరువాత భార్య, తమారా మోస్క్వినా. ఆమె అలెక్సీ మిషిన్‌తో జంటగా 1969 ప్రపంచ పోటీలలో రజతం గెలిచింది. పోటీలు మానిన తరువాత శిక్షకురాలయింది. ఆమె తీర్చిన జంటలు 1984, 1992, 1998, 2002 ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచాయి. వారిలో అర్తూర్ ద్మీత్రియెవ్ ఇద్దరు వేర్వేరు సహచరిణులతో రెండుసార్లు గెలిచాడు. ఎలెనా బెరెజ్నయా అనే అమ్మాయి 1996లో సాధనలో తన వెనుకటి జతగాని స్కేటు అంచు తలలో దిగి ప్రాణాపాయం దాకా వెళ్ళింది. ఆ అమ్మాయిని సిహరులిద్జేతో జతచేసి 2002 స్వర్ణం దాకా నడిపించింది ఆమే. 2021లో, డెబ్బై తొమ్మిదేండ్ల వయస్సులో, ఆమె మరొక జంటను ప్రపంచ విజేతలను చేసింది. గురువు నుండి శిష్యురాలికి, ఆమె నుండి మరొక తరానికి విద్య అదే ఊరిలో ప్రవహించింది.

అంత దూరం పోనక్కర లేదు కూడ. మన హైదరాబాదులోనే బ్యాడ్మింటన్ చూడండి. ఎస్.ఎం. ఆరిఫ్ తీర్చిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. గోపీచంద్ శిక్షణలో సైనా 2012లో కాంస్యం, సింధు 2016లో రజతం ఒలింపిక్స్‌లో తెచ్చారు. అదే ఊరు. ఒక ఆటలో గురుపరంపర నిలిచింది, మరొక ఆటలో నిలువలేదు.

రహీంకు శిష్యులు లేక కాదు. పి.కె. బెనర్జీ కలకత్తాలో గొప్ప శిక్షకుడయ్యాడు. హకీం కూడ శిక్షకుడయి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొంది, 2021లో పోయాడు. హైదరాబాదు నుండి వెళ్ళిన సయ్యద్ నయీముద్దీన్ 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నాడు. విద్య బ్రతికింది. అయితే అది కలకత్తాకు వలసపోయింది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు, 2023లో ఆ బెంగాలు నేలమీదనే కన్నుమూశాడు. మంచి ఆటగాళ్ళను కలకత్తా క్లబ్బులు పిలుచుకున్నాయి. పిలువడం వారి తప్పు కాదు, వెళ్ళడం వీరి తప్పూ కాదు.

ఎండిపోయినది ఊట. పైన నేను గుర్తుంచుకొమ్మన్న మూడు పనులు ఇక్కడికి వస్తాయి. బడిలో పిల్లలను ఎంచేవాడు, ఊరి పోటీలు జరిపించేవాడు, పోలీసు జట్టును నడిపేవాడు ఒక్కడే అయినందువల్ల చాదర్‌ఘాట్‌లోని పిల్లవాడు ఒలింపిక్స్ దాకా నడవడానికి దారి తిన్నగా ఉండేది. ఆయన పోయిననాడు మూడు కుర్చీలూ ఒక్కసారే ఖాళీ అయ్యాయి. కుర్చీలలో కూర్చోవడానికి వేర్వేరు మనుషులు వచ్చి ఉంటారు. మూడింటినీ కలిపే దారి మాత్రం మళ్ళీ పడలేదు. ఇది నా అభిప్రాయం. ఆయన నేర్పిన తీరు కూడ మనకు ఎక్కువగా శిష్యుల జ్ఞాపకాల ద్వారానే తెలుస్తున్నది. ఒక్కొక్క శిష్యుడు వెళ్ళిపోతున్నకొద్దీ ఆ పుస్తకంలో ఒక్కొక్క పుట రాలిపోతున్నది.

మా వైపు వ్యాయామోపాధ్యాయుణ్ణి డ్రిల్లయ్యవారు అంటారు. బడులలో ఆయన స్థానం ఏమిటో అందరికీ తెలిసినదే. పరీక్షలు దగ్గరపడితే మొట్టమొదట పోయేది ఆటల పీరియడు. జెండా వందనానికి వరుసలు దిద్దడానికి, అల్లరి పిల్లలను అదిలించడానికి మాత్రం ఆయన కావాలి. భాషాపండితులుగా ఏండ్ల తరబడి రెండవ శ్రేణిలో మగ్గిన మాకు ఆ కుర్చీ బాధ కొంత తెలుసు. మా తరువాతి కుర్చీ ఆయనదే. ఆ చివరి కుర్చీలో కూర్చున్న ఒక మనిషి, జీతం రాళ్ళకు బడిలో పనిచేస్తూ, ఈ దేశాన్ని రెండుసార్లు ఆసియాలో మొదటి స్థానంలో నిలిపాడన్న సంగతి మా పాఠ్యపుస్తకాలలో నేను ఎన్నడూ పాఠంగా చెప్పలేదు, ఎందుకంటే అది వాటిలో లేదు.

ద్రోణాచార్య పురస్కారం పుట్టేనాటికి రహీం పోయి ఇరవై రెండేండ్లు. ఆ పేరు మార్చమని నేను అనను. ఏకలవ్యుని పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఒక్క మనవి మాత్రం చేస్తాను. పిల్లవాడు లేచి వ్రేలు ఎందుకు అడిగాడని ప్రశ్నిస్తే, ఆ కథ పక్కన కుడికాలు అడిగిన గురువు కథ కూడ చెప్పండి. మీ ఊరిలో డ్రిల్లయ్యవారు ఎవరైనా వృద్ధాప్యంలో ఉంటే, పోయి కూర్చొని, ఆయన ఏ ఆటను ఏ ఉపాయంతో నేర్పారో అడిగి వ్రాసిపెట్టుకోండి. రహీం సాహెబు పనిచేసిన బడులలో చదువుకున్న పెద్దలెవరైనా ఈ నాలుగు మాటలు చదివితే, వారి జ్ఞాపకాలను ఇక్కడే క్రింద వ్రాయవలసిందిగా ప్రార్థన. రాలిన పుటలలో ఒకటైనా దొరుకుతుంది.

సెలవు.